నారాయణగూడ కౌన్సెలింగ్ సెంటర్: తలుపు బయట కూర్చున్న అమ్మ రాసినది

సెంటర్ పేరు రాయడం లేదు, ముందే చెప్తున్నా. అది మా అమ్మాయి పెట్టిన షరతు. "పేరు రాస్తే మన గల్లీలోళ్లు వెతికి పట్టుకుంటరు, రాయకు" అంది. రాసిందంతా తనకు చదివి వినిపించాను. రెండు పేరాలు కొట్టేసింది. మిగిలింది ఇది. నారాయణగూడ మెట్రో దిగాక ఒక సందు, కింద జిరాక్స్ షాపు, పైన రెండో అంతస్తు. అంతవరకే చెప్తాను. రివ్యూలో ఐదు చుక్కలకు (స్టార్లకు) నాలుగిస్తున్నా. ఒకటి ఎందుకు కోశానో కింద ఉంది.

నాది దిల్‌సుఖ్‌నగర్‌లో జాకెట్లు కుట్టే షాపు. ఇద్దరు మాస్టర్లు, ఒక మగ్గం పిల్లాడు, నేను. మా ఆయన ఆర్టీసీ డ్రైవరు. అమ్మాయికి 19, బీటెక్ రెండో సంవత్సరం. బతుకమ్మ ముందు ఇరవై రోజులు మా షాపులో మనిషికి మనిషి కనబడడు. అస్తరు గుడ్డలు, చీరలకు ఫాల్స్, పీకో, "అక్కా రేపు పొద్దున్నకే కావాలె" అనేవాళ్లు. ఆ హడావుడిలోనే అమ్మాయి తిండి తగ్గించింది, నేను చూసుకోలేదు.

తెలిసింది జాకెట్టు వల్ల. వరలక్ష్మీ వ్రతానికి తీసిన కొలతతోనే పండక్కి ఇంకొకటి కుట్టి వేసుకొని చూడమన్నా. భుజం జారిపోయింది. నడుం దగ్గర రెండంగుళాలు లూజు, ఛాతీ దగ్గర అంగుళంన్నర. నెలన్నరలో! ఇరవై రెండేళ్లుగా టేపు మెడలో వేసుకొని తిరిగేదాన్ని, నా ఇంట్లో మనిషి రెండంగుళాలు తగ్గితే నాకు తెలియలేదు. పిన్నులు పెడుతూ "ఏమైంది బిడ్డా" అన్నా. "ఏం లేదమ్మా, నువ్వు ఊకో" అంది. సద్దుల బతుకమ్మ నాడు కిందికి కూడా దిగలేదు. వారం రోజులుగా కాలేజీకి పోవట్లేదని కూడా అప్పుడే బయటపడింది.

సెంటర్ గురించి రాయాలంటే కాలేజీ సంగతి కొంచెం చెప్పాలి. 2025 జులైలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉండగా చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసు అది. వంద మంది, ఆపైన పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒక్కరైనా ఉండాలని అందులో ఉంది. మా అమ్మాయి కాలేజీవాళ్లు బోర్డు అయితే పెట్టారు. బోర్డు కింద కూర్చున్నది మాత్రం ఇంగ్లీషు చెప్పే లెక్చరర్. పాపం ఆమెకు ఏ ట్రైనింగు ఇచ్చారో ఏమో. అమ్మాయి ధైర్యం చేసి పొద్దున పోయి చెప్పుకుంది. మధ్యాహ్నానికి హెచ్‌ఓడీకి తెలిసింది. సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగే సరికి ఫోను: "మీ పాపకు ఏదో ఫ్రెండ్‌షిప్ ప్రాబ్లమట, జర కంట్రోల్‌లో పెట్టుకోండి." ఆ రాత్రి మా ఇంట్లో ఏం జరిగిందన్నది కొట్టేసిన పేరాల్లో ఒకటి.

ఆ తర్వాత అమ్మాయి మాతో మాట మానేసింది. ఒకరోజు రాత్రి ఒంటిగంటన్నరకు లేచి చూస్తే లైటు వేసుకొని గోడ వైపు చూస్తూ కూర్చుంది. నాకు చెమటలు పట్టినయి. వంటింట్లోకి పోయి 14416కు ఫోన్ చేశా. టెలి మానస్ అంటారు, మనసు బాగోలేనోళ్లకు ఫోన్‌లో సాయం చేసేది, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ఎత్తినామె నా ఏడుపు ఆగేదాకా ఆగి మొట్టమొదట అడిగింది: "ఇప్పుడు అమ్మాయి ఎక్కడుంది? మీరు నిలబడ్డ చోటి నుంచి కనబడుతుందా?" కనబడుతుందన్నా. "పోయి పక్కన కూర్చోండి. ఏం అడగకండి. నిద్ర వస్తే అక్కడే పడుకోండి" అంది. తెల్లారి ఎవరికి చూపించాలో కూడా చెప్పింది. పోయి కూర్చున్నా. అమ్మాయి ఏం అనలేదు, కాళ్ల మీది దుప్పటి సగం నా వైపు జరిపింది.

డాక్టరు దగ్గరికి అనగానే మా ఆయన ముఖం మాడింది. "అంటే ఎర్రగడ్డకా?" హైదరాబాద్‌లో ఉన్నోళ్లకు ఆ మాట సంగతి తెలుసు. అక్కడున్నది సర్కారు మానసిక ఆస్పత్రి, ఎందరికో నయం చేస్తున్న చోటు. మనం దాన్ని తిట్టు చేసుకున్నం. చిన్నప్పుడు నేను కూడా అన్నదాన్నే, "నిన్ను ఎర్రగడ్డల వేయాలె" అని. చివరికి ఈ సెంటర్ సంగతి చెప్పింది నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకామె. ఫాల్స్ వేసిన చీరలు తీసుకుపోను వచ్చి నా ముఖం చూసి అడిగింది. వాళ్ల బాబు కూడా వెళ్లాడట. ఆమె రెండేళ్లుగా నా దగ్గరికి వస్తుంది, ఒక్కసారి కూడా ఆ ముచ్చట తీయలేదు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో ఎంజీబీఎస్, అక్కడ లైను మారి రెండో స్టేషను. బస్సులో పోతే ఆడవాళ్లకు టికెట్ పైసలు లేవు కానీ, మలక్‌పేట ట్రాఫిక్‌లో పక్కపక్కన కూర్చొని మాట్లాడుకోకుండా ముప్పావు గంట గడపడం నా వల్ల కాలేదు. మెట్రో అయితే నిలబడొచ్చు.

మేడానికి నలభై ఉంటాయి. నూలు చీర, జాకెట్టు మాత్రం చంక దగ్గర పట్టేస్తుంది (చూడకుండా ఉండలేను, వృత్తి అలాంటిది). గోడ మీద ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ కాగితం ఫ్రేము కట్టించి ఉంది. ఇది తెలియనివాళ్ల కోసం రాస్తున్నా, నాకూ అప్పటిదాకా తెలియదు: మందులు రాసేది సైకియాట్రిస్టు, ఎంబీబీఎస్ చదివి ఆ తర్వాత ఆ చదువు చదివినవాళ్లు. ఈమె క్లినికల్ సైకాలజిస్టు, ఎం.ఫిల్ చేసి రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదైన మనిషి. మందులు రాయదు, ఆ మాట తనే ముందు చెప్పింది. ఆ నంబరు ఫోటో తీసుకొచ్చి మా తమ్ముడి కొడుకుతో ఆన్‌లైన్‌లో చూపించా. ఉంది. ఊరంతా "లైఫ్ కోచ్" బోర్డులు ఉన్న రోజుల్లో ఈ ఒక్క పని చేయండి, ఐదు నిమిషాలు పడుతుంది.

మొదటి రోజు ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "అమ్మాయికి పద్దెనిమిది దాటినయి. లోపల నాతో చెప్పింది మీకు చెప్పను. తన ప్రాణానికి గాని ఇంకొకరి ప్రాణానికి గాని ప్రమాదం ఉందని నాకు అనిపిస్తే అప్పుడు చెప్తాను, ఆ సంగతి ఇప్పుడే తన ముందే అంటున్నాను." 2017 మానసిక ఆరోగ్య చట్టంలో కూడా ఈ గోప్యత హక్కు రాసి ఉందంది.

నాకు ఒళ్లు మండింది. "పైసలు నేను కడుతున్న కదా మేడం" అన్నా. మా ఆయన నా చెయ్యి గిల్లాడు.

"అవునమ్మా, మీరే కడుతున్నరు. రసీదు మీ పేరు మీదనే ఇస్తం" అంది.

అంతే. ఇంకో మాట లేదు. అమ్మాయి ముఖంలో చిన్న కదలిక కనబడింది, నవ్వో కాదో. నెల రోజులకు మొదటిది. ఆ కోపంలో కూడా నేనది చూశా.

తర్వాత నన్ను బయట కూర్చోబెట్టి తలుపేశారు. ఇక్కడే ఒక చుక్క కోశా. తలుపు మంచిదే, గోడ మాత్రం ప్లైవుడ్. మాట అర్థం కాదు, గొంతు మాత్రం తెలుస్తుంది. ఏడుస్తున్నదని తెలుస్తుంది. బయట ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, అన్నీ ఆ గోడకే ఆనించి. తల్లిని అక్కడ కూర్చోబెడితే ఏం చేస్తుంది? నేను చెవి పెట్టా. సిగ్గు లేకుండా చెప్తున్నా, కొంగు సవరించుకుంటున్నట్టు తల పక్కకు వంచి గోడకు ఆనుకున్నా. రిసెప్షన్‌లో ఉన్న పిల్లాడికి ఇరవై కూడా ఉండవు. నన్ను చూశాడు, ఏం అనలేదు. లేచి మూలనున్న కూలర్ స్విచ్ వేశాడు. అక్టోబరు చివర, పైన వాన, కూలరు! గుర్రు గుర్రుమని పెట్టింది మోత. నీళ్లు లేని కూలరది, చప్పుడు కోసమే పెట్టుకున్నారని తర్వాత అర్థమైంది. ఆ పిల్లాడికి విడిగా ఐదు చుక్కలు ఇస్తా. కానీ మేడం, ఆ కుర్చీలు జరపండి, గోడకు ఇంకో పొర వేయించండి.

లోపల ఏం చేస్తారో నాకు తెలిసింది అమ్మాయి తనంతట తాను చెప్పినంతే. మొదటి రోజు ఒక కాగితం ఇచ్చారట, పీహెచ్‌క్యూ-9 అంటారు. తొమ్మిది ప్రశ్నలు. గడిచిన రెండు వారాల్లో నిద్ర ఎట్లుంది, ఆకలి ఎట్లుంది, ఏ పని మీదైనా ఇష్టం పుడుతుందా లేదా అని. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు. మొత్తం 27. అమ్మాయికి 14 వచ్చింది. పది నుంచి పద్నాలుగు అంటే మధ్యస్థమట. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనిపిస్తుందా, తనకు తాను హాని చేసుకోవాలనిపిస్తుందా అని సూటిగా అడుగుతుంది. ఆ సంగతి విని నా గుండె ఆగినంత పనైంది. లేని ఆలోచన పెడుతున్నారేమో అని మేడాన్ని నిలదీశా. అడిగినంత మాత్రాన కొత్తగా ఆలోచన పుట్టదని, దాని మీద చాలా పరిశోధన జరిగిందని, ఉన్నవాళ్లకైతే ఎవరో ఒకరు అడిగారన్న ఊరట ఉంటుందని చెప్పింది. ఇంటికి వచ్చాక అమ్మాయి తనే అంది, "అమ్మా, దానికి సున్నా పెట్టిన. నువ్వు పడుకో." ఆ రాత్రి నిజంగానే పడుకున్నా.

అదే రోజు రక్త పరీక్షలు కూడా రాసిచ్చి మా ఫ్యామిలీ డాక్టరును కలవమన్నారు: థైరాయిడ్, హిమోగ్లోబిన్. రెండింట్లో ఏది తేడా పడినా మనిషి ఇట్లాగే నీరసపడి ముడుచుకుపోతారట. థైరాయిడ్ బాగుంది. హిమోగ్లోబిన్ 9.2! ఐరన్ మాత్రలు మొదలుపెట్టాం. మనసు డాక్టరు దగ్గరికి పోతే రక్తం తక్కువని తేలిందేందని మా ఆయన నవ్వాడు. ఆయనకు కొంచెం నమ్మకం కుదిరింది కూడా అప్పుడే. కాగితం మీద అంకె కనబడితే మగవాళ్లకు ధైర్యం వస్తుంది.

మొదటి మూడు సార్లు నాకైతే డబ్బులు నీళ్లలో పోసినట్టే అనిపించింది. "ఏం చెప్పింది మేడం?" అంటే "ఏం చెప్పలే, విన్నది" అనేది అమ్మాయి. మూడు సార్లకు 3,900 కట్టి వినిపించుకోవాలా? మన దగ్గర పెద్దవాళ్లు ఎవరన్నా పిల్లల్ని కూర్చోబెడితే మూడో నిమిషానికి మొదలుపెడతారు, "చూడమ్మా, జీవితం అంటే" అని. నేను అదే ఎదురుచూశా. మేడాన్ని అడిగేశా, ఏం పద్ధతి ఇది అని. ఆమె ఓపిగ్గా చెప్పింది. కార్ల్ రోజర్స్ అని అమెరికా సైకాలజిస్టు ఒకాయన, 1950ల్లో ఆయన పట్టుబట్టి చెప్పిన మాట ఇది: ఎదుటి మనిషిని తప్పొప్పులు ఎంచకుండా ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలి, వాళ్ల చోట నిలబడి చూడాలి, మనం లోపల ఒకటి పెట్టుకొని పైకి ఒకటి నటించకూడదు. ఈ మూడూ కుదిరితే మనిషి తన దారి తానే వెతుక్కోవడం మొదలుపెడతాడట. "కాలేజీలో చెప్పుకుంటే ఏమైందో మీకు తెలుసు కదమ్మా. ఇంకొకరికి చెప్తే ఏం కాదని తనకు నమ్మకం కుదరాలె. దానికి మూడు వారాలు తక్కువే" అంది. కాలేజీ పేరు ఎత్తేసరికి నా దగ్గర జవాబు లేకపోయింది. నా దగ్గరికి కూడా కొందరు మొదటిసారి ఒక్క పాత జాకెట్టు ఆల్టరేషన్‌కే ఇస్తారు. అది పాడు చేయకుండా ఇస్తే అప్పుడు పట్టుచీర తెస్తారు.

నాలుగోసారి నుంచి పని మొదలైంది. రెండు వందల పేజీల నోటుపుస్తకం కొనమన్నారు. పేజీకి నాలుగు గడులు: జరిగిందేంది, నాకు ఏం అనిపించింది, దానికి సాక్ష్యం ఏంది, ఇంకో రకంగా చూస్తే ఏంది. దీన్ని సీబీటీ అంటారు, 1960ల్లో ఆరన్ బెక్ అనే డాక్టరు మొదలుపెట్టాడట. డిప్రెషన్ ఉన్నవాళ్లకు ఆలోచనలు వాటంతటవే ఒకే గాడిలో పడతాయని, ఆ ఆలోచనను పట్టుకొని నిజమా అని తూకం వేయడం నేర్పాలని ఆయన పద్ధతి. వింటే లెక్కల ట్యూషన్‌లా ఉంది. నవంబరులో ఒకరోజు అమ్మాయి ఒక్క పేజీ నాకు చూపించింది, ఫోటో తీయకూడదన్న ఒప్పందం మీద. ఇది రాయడానికి ఒప్పుకుంది.

మొదటి గడి: "రాత్రి 9:40కి మెసేజ్ పెట్టిన. నీలం టిక్కులు వచ్చినయి. జవాబు లేదు." రెండోది: "నేనంటే విసుగు. అందరికీ విసుగే." పక్కనే, నమ్మకం ఎంత అని 90 వేసింది. మూడో గడిలో సాక్ష్యం: "పోయిన వారం కూడా ఇట్లనే చేసింది." దాని కిందనే ఇంకో రంగు పెన్నుతో: "పోయిన వారం వాళ్ల నానమ్మ ఆస్పత్రిలో ఉండె. మూడు రోజులైనంక తనే ఫోన్ చేసింది." నాలుగో గడి: "చూసింది, అప్పుడు మాట్లాడే ఓపిక లేదు కావచ్చు." నమ్మకం 55.

తొంభై నుంచి యాభై ఐదు. సున్నా కాలేదు. నాకు ఈ పద్ధతి మీద గౌరవం కలిగింది ఆ యాభై ఐదు చూసే. "అంతా మంచిగైతది, పాజిటివ్‌గా ఉండు" అని రాయించి ఉంటే నేను ఆరోసారికి మానిపించేదాన్ని. ఆ మెసేజ్ ఎవరికి పెట్టిందో ఆ పేజీలో లేదు. "చేసింది" అని ఉంది కాబట్టి ఆడపిల్లే. నేనేమో ఇన్ని రోజులు ఎవడో పిల్లాడని తలకాయ బద్దలు కొట్టుకున్నా! ప్రేమ పోతే మనిషి చిక్కిపోతుందని మనకు తెలుసు, సినిమాల్లో చూశాం. ఇంటర్ నుంచి కంచం పంచుకున్న స్నేహితురాలు ముఖం తిప్పుకుంటే కూడా అంతే చిక్కిపోతారని ఎవరూ చెప్పలేదు. అది కూడా నా ఊహే, పూర్తిగా తెలియదు. ఇప్పటికీ ఆ పేరు నాకు తెలియదు.

చేయాల్సిన పనులు కూడా చిన్నవే ఇచ్చారు. మనసు బాగైనాక పని చేద్దామంటే ఎప్పటికీ కాదని, ముందు పని మొదలుపెడితే మనసు వెనకే వస్తుందని. రోజూ పొద్దున ఇరవై నిమిషాలు సరూర్‌నగర్ చెరువు కట్ట మీద నడక. ఇంకొకటి ఏదైనా తనే ఎంచుకోమంటే మా అమ్మాయి ఎంచుకున్నది జాకెట్లకు ఉక్సులు కుట్టడం! చిన్నప్పుడు సెలవుల్లో నేర్పిన పని. సాయంత్రం షాపుకు వచ్చి ముక్కాలి పీట మీద కూర్చొని రోజుకు మూడు జాకెట్లు. కాజాలు నేను, ఉక్సులు తను. తల వంచుకొని చేసే పని, ఒకరి ముఖం ఒకరికి కనబడదు. అక్కడ రెండు మూడు మాటలు వచ్చేవి. నాలుగో రోజు దారం పళ్లతో కొరుకుతూ అంది, "కాలేజీలో నేను చెప్పుకున్నది నాన్నకు తెలిసినరోజు, నువ్వు నా వైపు ఒక్కసారి కూడా చూడలే." నాకు జ్ఞాపకం ఉంది. చూస్తే ఏడుస్తానని చూడలేదు. ఆ మాట చెప్పడానికి నాకు ఇంకో మూడు వారాలు పట్టింది, అది కూడా మేడం ముందు.

అది ఏడో సెషన్, నన్ను కూడా లోపలికి పిలిచారు, అమ్మాయి ఒప్పుకున్నాకే. మేడం నన్నడిగింది, "మీ ఇద్దరి మధ్య మాట ఎంత బాగుందో పదికి ఎన్ని వేస్తరు?" నాలుగన్నా. ఎవరైనా ఏం అడుగుతారు, మిగతా ఆరు ఎందుకు తగ్గిందని. ఆమె తిరగేసి అడిగింది: "రెండు ఎందుకు వేయలే? ఆ నాలుగు ఎక్కడి నుంచి వచ్చింది?" కాసేపు నోరు పెగల్లేదు. ఉక్సులు, అన్నా. అమ్మాయి కూడా అదే సమయానికి "ఉక్సులు" అంది. ఇది కూడా ఒక పద్ధతేనట, అమెరికాలో స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బెర్గ్ అనే భార్యాభర్తలు తయారు చేసింది. సమస్యను తవ్వుతూ కూర్చోకుండా ఇప్పటికే కొంచెం పని చేస్తున్నదేదో వెతికి దాన్ని ఇంకో అరంగుళం పెంచడం.

ఇంకో అభ్యాసం కూడా చేయించారు. "నువ్వు ఎప్పుడూ" అని మొదలుపెట్టకుండా "నాకు" అని మొదలుపెట్టాలి. "నువ్వు ఎప్పుడూ ఫోన్ ఎత్తవు" అనే బదులు "ఫోన్ ఎత్తకపోతే నాకు భయమైతది." చేయమంటే మొదట నాటకంలా అనిపించి నవ్వొచ్చింది. తర్వాత చూస్తే మన భాషలో ఉన్నదే అది. నాకు కోపమొచ్చింది, నాకు బాధైంది, నాకు భయమేసింది. ఆకలి, దాహం కూడా మనకు నాకు అనే వస్తాయి. మనం తిట్టేటప్పుడే "నువ్వు"లోకి దిగుతాం. "ఆ రోజు నీ ముఖం చూస్తే ఏడుస్తనని నాకు భయమైంది" అన్నా. అమ్మాయి టిష్యూ డబ్బా నా వైపు జరిపింది. దుప్పటి జరిపినట్టే.

మా ఆయన ఒక్కసారే వచ్చాడు, పదిహేను నిమిషాలు మాట్లాడాడు. "మా కాలంలో" అని మొదలుపెట్టి మధ్యలో తనే ఆపేశాడు. బయటికి వచ్చాక సందు చివర బండి దగ్గర అమ్మాయికి మిర్చీ బజ్జీలు కొనిచ్చాడు. రెండు తింది.

ఇక బాగోలేనివి. ఫారాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. అమ్మాయికి సరే, సంతకం పెట్టే తల్లిదండ్రుల సంగతి? ఒక తెలుగు కాపీ పెట్టుకోవడానికి కింద జిరాక్స్ షాపే ఉంది. రెండోది, ఒకసారి మేము నారాయణగూడ స్టేషన్ మెట్లు దిగుతుండగా "ఈరోజు సెషన్ రద్దు" అని మెసేజ్ వచ్చింది. మేడానికి ఒంట్లో బాగోలేదట. ఎవరికైనా అవుతుంది, కానీ ఆ వారం అమ్మాయి వారమంతా ఆ రోజు కోసమే లెక్కపెట్టుకుంది. గంట ముందు ఫోన్ చేసి ఒక మనిషి గొంతుతో చెప్పాల్సింది. ఆ పిల్లాడితోనైనా చెప్పించాల్సింది. ఆదివారం మూసేస్తారు. లిఫ్టు లేదు.

ఫీజు మొదటిసారి 1,500, తర్వాత 1,200, యాభై నిమిషాలు. మంగళవారం మధ్యాహ్నం చదువుకునే పిల్లలకు 800 అని నాలుగు సార్లు కట్టాక తెలిసింది! బోర్డు మీద రాయరు, అడిగితేనే చెప్తారు. తొమ్మిది సార్లకు మొత్తం 9,100 అయింది. ఈ లెక్క నాకు మగ్గం వర్క్ ఉన్న మూడు జాకెట్లు. ఇన్సూరెన్సు అడిగా. మానసిక జబ్బుకు కూడా ఒంటి జబ్బుతో సమానంగా బీమా ఇవ్వాలని అదే 2017 చట్టంలో ఉంది కానీ, మా పాలసీ ఆస్పత్రిలో చేరితేనే పనికొస్తుందట. చేరే దాకా రాకుండా చూసుకునే ఖర్చుకు ఇవ్వరు. అంత పెట్టలేనివాళ్లకు మేడమే ఎర్రగడ్డ ఓపీ గురించి, 14416 గురించి చెప్పడం నేను విన్నా, కౌంటరు దగ్గర ఎవరో తండ్రికి. కస్టమరు పోతాడని దాచలేదు.

ఎవరికి ఇది సరిపోదు అంటే, వెంటనే ఆపద ఉన్నవాళ్లకు. అప్పుడు నేరుగా ఆస్పత్రికే పొమ్మంటారు, గోడ మీద కూడా రాసి పెట్టారు. మా అమ్మాయికి కూడా ఆరో సెషన్‌కు పీహెచ్‌క్యూ-9 మార్కు తగ్గకపోతే సైకియాట్రిస్టుకు రాసిస్తానని ముందే అన్నారు. ఆరోసారికి 9, చివరిసారి 5. ఆ కాగితాలు అమ్మాయే చూపించింది, నేను అడగలేదు. అడగకుండా ఉండటం నేర్చుకోవడానికి నాక్కూడా తొమ్మిది సెషన్లు పట్టింది, ఫీజు లేకుండా.

పోయిన నెల సంక్రాంతికి జాకెట్టు కుట్టా. కొత్తగా కొలత తీసుకున్నా. నడుం దగ్గర అంగుళం తిరిగొచ్చింది. కుట్టు లోపల అంగుళంన్నర వదిలి పెట్టా, విప్పుకోవడానికి. కాలేజీకి పోతుంది. ఒక్కోరోజు పోనంటుంది. ఆ రోజు షాపుకు వస్తుంది.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. చెప్పులు కింద జిరాక్స్ షాపు ముందు విప్పకండి, రెండో అంతస్తులో స్టాండు ఉంది. నేను నాలుగోసారి తొందరలో కిందే విప్పి కొత్త చెప్పులు పోగొట్టుకున్నా. ఆ రోజు మెట్రోలో అమ్మాయి తన చెప్పుల్లో ఒకటి నాకిచ్చి, ఒక్కో కాలికి ఒక్కో చెప్పుతో ఎంజీబీఎస్‌లో లైను మారాం. జనమంతా చూశారు. దిల్‌సుఖ్‌నగర్ దాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.